గడ్డం పట్టిన చెయ్యి

"కేసు అయిపోయింది ఇన్‌స్పెక్టర్! ఇక మీరు నిమ్మళంగా ఇంటికెళ్ళి భోంచెయ్యొచ్చు."

ఆ మాట అంటూనే కెప్టెన్ లోక్వా తన చేతిలోని చెక్క ముఖాన్ని బల్ల మీద పెట్టాడు. జానెడు పొడుగుంటుంది. నుదుటికీ బుగ్గలకీ తెల్లసుద్ద పూసి ఉంది. కళ్ళు రెండు సన్నటి చీలికలు. గడ్డం కింద బెత్తెడు నారపోగులు వేలాడుతున్నాయి.

ఇన్‌స్పెక్టర్ ముబలామా దాన్ని ముట్టుకోలేదు. గోడ గడియారం వైపు చూశాడు. పదకొండూ పది.

"ఎక్కడ దొరికింది?"

"దొంగ ఇంట్లోనే. విలొంజా మంచం కింద అరటాకులో చుట్టి ఉంది. వెతకడానికి పది నిమిషాలు పట్టింది, అంతే. మీరిక్కడ పదకొండేళ్ళ నుంచి ఉన్నారట కదా? పాపం!"

ముబలామాకి ఒళ్ళు మండింది. కుర్చీలోంచి లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. పొద్దుటి నుంచీ ఇదే వరస. మనిషి కాలు ఒక చోట నిలవడం లేదు.

తొమ్మిది రోజుల కిందట ఈ ములుంగా ఊళ్ళో క్యాలుంబా ముసలాయన జ్వరంతో పోయాడు. బ్వామీ సంఘంలో ఆఖరి మెట్టు దాకా ఎక్కిన పెద్దమనిషి. ఈ అడవుల్లోని లెగా తెగవాళ్ళకి బ్వామీయే బడి, బ్వామీయే కచేరీ. మెట్టుకో నియమం, మెట్టుకో వస్తువు. పై మెట్టు ఎక్కినవాడికి ఒక ముఖం చేతికొస్తుంది. సభ జరిగితే తప్ప అది అతని సంచిలోంచి బయటికి రాదు. అతను పోయాక సమాధి మీద పెడతారు. ఆ తర్వాత వారసుడు ఆ మెట్టుకి ఎదిగేదాకా దాన్ని కాపాడవలసినవాడు మేనల్లుడు. కాపాడలేకపోయాడా, చచ్చినవాడి పేరు మట్టిలో కలిసినట్టే. ఆ మేనల్లుడి పిల్లలకి బ్వామీ గడప తొక్కే యోగం ఉండదు.

క్యాలుంబాకి మేనల్లుడు విలొంజా. ముఖం మాయమైంది ఈ పొద్దుటే. తొమ్మిదీ నలభైకి కేక పెట్టింది కూడా విలొంజాయే.

"ఒంటిగంటన్నర విమానానికి వాణ్ణి పట్నం పట్టుకుపోతున్నాను. అక్కడ నా పద్ధతిలో మాట్లాడతాను," అన్నాడు కెప్టెన్.

ఆ పద్ధతి ఏమిటో ముబలామాకి తెలుసు. కిందటేడు కెప్టెన్ ఇలాగే తీసుకెళ్ళిన ఇద్దరిలో ఒకడు కుంటుకుంటూ వచ్చాడు. రెండోవాడు రానేలేదు.

"వస్తువు దొరికింది కదా! మనిషితో ఇంకా మాట్లాడేదేముంది?"

"వెనకాల ఎవరున్నారో తేల్చొద్దూ?"

"తేల్చాల్సిందే. ముందు నాకొక్కటి తేల్చండి. మీ విమానం తొమ్మిదీ ఇరవైకి దిగింది. ఇరవై నిమిషాల తర్వాత గాని దొంగతనం సంగతి ఈ ఊళ్ళోవాళ్ళకే తెలియదు. మీరేమో ఫిర్యాదు కాగితం జేబులో పెట్టుకుని మరీ దిగారు. ఏదీ, ఇలా ఇవ్వండి." ముబలామా కాగితం లాక్కున్నంత పని చేశాడు. "నిన్నటి తేదీ! జరగని దొంగతనానికి ముందే ఏడ్చిన ఆ మహానుభావుడెవరు సార్?"

కెప్టెన్ నవ్వు చెక్కు చెదరలేదు. "అమ్మబోతున్నాడని కబురొచ్చింది. అమ్మేలోపు పట్టుకుందామని వచ్చాను. కబురు చెప్పినవాడి పేరు మీకు చెప్పక్కర్లేదు. బల్ల మీదున్న సాక్ష్యాన్ని వదిలేసి కాగితం మీద అంకెలు లెక్కపెడుతున్నారే! అందుకే మీరింకా ఇన్‌స్పెక్టరు."

"క్యాలుంబా భార్యకి దీన్ని చూపించాలి. ఆవిడ గుర్తు పట్టకుండా మీ సాక్ష్యం చెల్లదు."

"చూపిద్దాం పదండి. ఒంటిగంటకి మాత్రం నేను విమానం దగ్గర ఉంటాను."

*

క్యాలుంబా భార్య బితొందో పసారాలో పీట మీద కూర్చుని కర్రపెండలం ఆకు దంచుతోంది. ఒక పక్క మేనల్లుడి చేతులకి సంకెళ్ళు పడి ఉన్నా రోకలి ఆపలేదు. విలొంజా గుంజకి ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు. నలభై ఏళ్ళ మనిషి, కొట్టబోతే ఏడ్చే పిల్లాడిలా ఉన్నాడు.

"అత్తా, నేను త-త-తియ్యలేదు," అన్నాడు.

"తెలుసులేరా."

"తెలుసట!" కెప్టెన్ నవ్వాడు. "ఏమ్మా, ఇది మీ ఆయనదేనా? చూసి చెప్పు. ఇలా పెట్టుకునే కదా గంతులేసేవాడు?"

ఆ చెక్క ముఖాన్ని ఎత్తి తన మొహానికి ఆనించుకున్నాడు. రెండు పక్కలా ఉన్న తాడు కొసలు చెవుల వెనక్కి లాక్కుని తల ఇటూ అటూ ఊపాడు.

బితొందో పక్కున నవ్వింది.

నవ్వేసి, గభాలున పైట నోట్లో కుక్కుకుంది. కళ్ళలో భయం కనిపించింది. రోకలి మళ్ళీ దబదబా పడింది.

ముబలామా ఆ నవ్వుని వదల్లేదు. "ఎందుకు నవ్వావమ్మా?"

"ఊరికే. ముసలి ముండని, మతి ఎక్కడుంటుంది?"

"ఇది ఆయనదేనా?"

"నేను ఆడదాన్ని. నాకేం తెలుసు నాయనా?"

"తెలియకపోవడమేం! మొగుడితో పాటు ఆఖరి మెట్టు దాకా ఎక్కినదానివి. ఆయన సభలో ఉంటే పక్కన కూర్చున్నదానివి. నీకు తెలియనిది ఈ ఊళ్ళో ఇంకెవరికి తెలుసు?"

"తెలిసినా నీకు చెప్పకూడదు. నువ్వు లోపలివాడివి కావు."

నిజమే. తండ్రి మిషన్ బడిలో వేశాడు, బ్వామీ తలుపు అక్కడే మూసుకుపోయింది. ఈ మాట ఎవరన్నా ముబలామాకి ఇప్పటికీ గుచ్చుకుంటుంది. పెద్దవాళ్ళు అతని ముందు మాట మార్చేస్తారు. దొంగలు చెప్పే నిజాలు కూడా వాళ్ళు చెప్పరు.

అయినా ఒకటి చూశాడు. ఏడేళ్ళప్పుడు వాళ్ళ సభని దడి సందులోంచి దొంగచాటుగా చూశాడు. వరసగా పెద్దవాళ్ళు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ముఖం. గడ్డం పోగులు గుప్పిట్లో పట్టుకుని ఊపుతున్నారు, నేల మీద ఈడుస్తున్నారు. ఒకాయన మోచేతికి కట్టుకున్నాడు. ఒకటి దడికి వేలాడుతోంది. మొహానికి పెట్టుకున్నవాడు ఒక్కడు లేడు! అలా చూసినందుకు తాత వీపు చీరేశాడు కూడా.

కెప్టెన్ చేతిలోంచి చెక్కని అందుకుని తిరగేశాడు. లోపలి అంచు నూనె రాసి రుద్దినట్టు నున్నగా మెరుస్తోంది. ఏళ్ళ తరబడి చెమట మొహాలు రాసుకున్నట్టు చేశారు. గడ్డం దగ్గర పోగులు దూర్చిన కంతలు మాత్రం కొత్తగా, పదునుగా ఉన్నాయి. చేతులు పట్టి లాగిన ఆనవాలే లేదు.

"కెప్టెన్ గారూ, ఇది చేసినవాడెవడో గానీ మంచి పనివాడే. వాడికి లెగా వాళ్ళ సంగతే తెలియదు. అరగవలసిన చోట అరగలేదు, అరగని చోట అరిగింది. ఇది నకిలీ సరుకు."

కెప్టెన్ మొహంలో రంగు మారింది. ఒక్క క్షణమే. "అయితే అసలుది ఇంకా ఎక్కడో దాచాడన్నమాట. వాణ్ణి తీసుకెళ్ళడానికి ఇంకో కారణం దొరికింది. థాంక్యూ!"

ముబలామా తెలివే విలొంజా మెడకి ఉరైంది. ఛీ అనుకున్నాడు.

"ఒంటిగంటకి అసలుది తెచ్చివ్వు, వీణ్ణి వదిలేస్తాను," అన్నాడు కెప్టెన్, విలొంజాని జీపులోకి తోస్తూ. మర్యాద కూడా వదిలేశాడు.

*

సమాధి ఇంటి వెనకాలే ఉంది. నాలుగు గుంజల మీద ఆకుల కప్పు, చుట్టూ నడుమెత్తు కర్రల దడి. దడి బయట గడ్డిలో ఇతోంగ్వా పెద్దాయన చేతికర్ర ఊతంగా నిలబడి ఉన్నాడు. క్యాలుంబా తర్వాత ఊళ్ళో ఆ మెట్టు మీద మిగిలింది ఆయనొక్కడే.

"పెద్దయ్యా, ముఖాన్ని ఆఖరుసారి చూసిందెప్పుడు?"

"ఎనిమిదికి. వాన ఏడున్నరకి వెలిసింది. వెలిశాక వచ్చి, సమాధి చుట్టూ ఒకసారి తిరిగి, దానికి దణ్ణం పెట్టుకుని వెళ్ళాను."

"ఈ కర్రతోనే తిరిగారా?"

"మరి నీ కర్రతో తిరుగుతానా? మోకాళ్ళు చూస్తున్నావుగా!"

ముబలామా వంగి దడి లోపల చూశాడు. నేల తడిగా, మెత్తగా ఉంది. ఇంత లోతు దిగిన కెప్టెన్ బూటు గుర్తులున్నాయి. వాటి కింద పొరక గీతలు నీటుగా, దువ్వినట్టు ఉన్నాయి. కర్ర దిగిన గుంట ఒక్కటి లేదు. పెద్దయ్య పాదం గుర్తు ఒక్కటి లేదు.

'పొద్దున్నే చీకట్లో ఊడ్చాను, ఆ తర్వాత ఇటు రాలేదు' అని బితొందో తొమ్మిదీ యాభైకి తన ముందే చెప్పింది. చీకట్లో ఊడ్చిన గీతలు వానకి చెరిగిపోవాలి. ఎనిమిదింటి కర్ర గుంటలు మిగలాలి. ఇక్కడంతా తిరకాసుగా ఉంది. ఎనిమిది తర్వాత ఎవరో ఊడ్చారు. దొంగతనం చేసి, నేల కూడా శుభ్రం చేసి పోయే దొంగ ఎవడయ్యా!

లేచి దడి పక్కన నిలబడ్డాడు. ఒక కర్ర చీలికకి రెండు నారపోగులు చిక్కుకుని ఉన్నాయి. నల్లగా, నూనె జిడ్డుతో, చివర్లు తెగి. చేతుల్లో నలిగిన పాత పోగులు. ముఖాన్ని పట్టుకెళ్ళినవాళ్ళు దాన్ని గుడ్డలో చుట్టలేదు, బుగ్గలు పట్టి ఎత్తలేదు. గడ్డం పట్టుకుని, కిందికి వేలాడేసి, ఎలా మొయ్యాలో అలాగే మోశారు. పరాయివాడికి ఆ చెయ్యి రాదు. కంగారులో కూడా మర్యాద తప్పని చెయ్యి అది.

టైము పన్నెండూ నలభై. పరుగులాంటి నడకతో పసారాకి వచ్చాడు. బితొందో రోకలి పక్కన పెట్టేసి ఉత్త చేతులతో కూర్చుని ఉంది.

"ఎక్కడ పెట్టావమ్మా?"

"ఏమిటి?"

"ఇంక చాలు! ఊడ్చింది నువ్వు. తీసింది నువ్వు. గడ్డం పట్టుకుని తీశావు, పోగులు దడికి చిక్కుకున్నాయి. నాకు టైము లేదు, నీకు అసలే లేదు."

ఆవిడ చేతులు పైటకి తుడుచుకుంది.

"లోపలివాడివి కాకపోయినా కళ్ళున్నాయి," అంది. "తీశాను. నా మొగుడిది, నేను తీశాను. ఆయన్ని పూడ్చిన రోజునే, ఈ కెప్టెన్ పెట్టుకున్నలాంటి పచ్చ టోపీ మనిషి ఒకడు మళ్ళీ వచ్చాడు. ఇంకా మట్టి ఆరలేదు, ఎంతకిస్తావని అడిగాడు. తిట్టి పంపాను. మళ్ళీ వస్తాం, ఈసారి అడగం అన్నాడు. పొద్దున విమానం మోత వినబడగానే వాళ్ళేననుకున్నాను. పరుగెత్తుకెళ్ళి తీసేశాను."

"విలొంజాకి ఒక్క మాట చెప్పాల్సింది కదా!"

"వాడికా? అబద్ధం ఆడబోతే నాలుక పిడచగట్టుకుపోతుంది వాడికి. చిన్నప్పుడు బెల్లం దొంగిలించి వాడే వచ్చి చెప్పేవాడు. చెప్తే ఆ టోపీ వాళ్ళు ఒక్క దెబ్బకి కక్కించేవాళ్ళు."

"ఇప్పుడు తెలియనిదాని కోసం కొడతారు. చెప్పడానికేమీ లేదు కనక ఆపరు."

"నా చేతుల్లో పెరిగాడయ్యా వాడు. నాకు పిల్లలు లేరు. ఇస్తే మా ఆయన మళ్ళీ చచ్చిపోతాడు. ఇవ్వకపోతే వీడు పోతాడు. నన్ను ఏం చెయ్యమంటావు? నువ్వు చదువుకున్నావుగా, చెప్పు!"

ముబలామా గడియారం చూసుకున్నాడు. పన్నెండూ యాభై ఐదు. "నేను విమానం ఆపడానికి వెళ్తున్నాను," అన్నాడు. ఎలా ఆపాలో అతనికే తెలియదు.

*

ఒంటిగంటా పది. ఎర్రమట్టి రన్‌వే పక్కన చిన్న విమానం. పైలట్ రెక్క కింద నిలబడి అరటిపండు తింటున్నాడు. ఊరు ఊరంతా అక్కడే ఉంది. విలొంజాని మెట్ల దాకా తెచ్చారు. కెప్టెన్ తన రేకు పెట్టెని స్వయంగా మోసుకొచ్చి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు.

"తెచ్చావా?" అని అరిచాడు ముబలామాని చూసి.

"ఇంకో గంట టైమివ్వండి."

"గంట కాదు, గంజి కూడా ఇవ్వను. ఎక్కరా!"

అప్పుడు జనం పక్కకి తప్పుకున్నారు. బితొందో వస్తోంది. కుడిచెయ్యి కిందికి చాచి, గుడ్డ మూటని పై ముడి దగ్గర గుప్పిట పట్టి, వేలాడేసి తెస్తోంది. మొహం రాయిలా ఉంది. మూటలో ఏముందో లోకానికి తెలియదు గానీ, ఆ పట్టు చూసినవాడికి తెలుసు. విలొంజా చూశాడు. వాడి కళ్ళు అత్త చేతి మీద ఆగిపోయాయి.

ఆవిడ ఇంకో పది అడుగులు వేస్తే అయిపోయేది.

"నేనే అమ్మేశాను!" అని అరిచాడు విలొంజా.

బితొందో ఉన్నచోటే ఆగిపోయింది.

"అందరూ వినండి! మామయ్య ముఖాన్ని నేనే తీశాను, నేనే అమ్మేశాను. కొన్నది ఈయన!" సంకెళ్ళ చేతులు రెండూ ఎత్తి కెప్టెన్ ఛాతీ మీద పెట్టాడు. "పొద్దున తొమ్మిదిన్నరకి ఇదే చోట ఈయన చేతికిచ్చాను. ఆ రేకు పెట్టెలో పెట్టుకున్నాడు!"

ఒక్క అక్షరం తడబడలేదు. పుట్టి బుద్ధెరిగాక విలొంజా ఆడిన మొదటి అబద్ధం అది, అంత నిండుగా ఆడాడు. ముబలామాకి నవ్వొచ్చింది, దాన్ని దగ్గుగా మార్చేశాడు.

"అబద్ధం!" కెప్టెన్ గొంతు చీలింది. "ఒరేయ్, ఏం కూస్తున్నావురా?"

"అబద్ధమే అయ్యుండొచ్చు సార్," అన్నాడు ముబలామా ముందుకొచ్చి. "పొద్దున మీరే కదా నాకు పాఠం చెప్పారు, వెనకాల ఎవరున్నారో తేల్చాలని! నిందితుడు కొన్నవాడి పేరు చెప్పాడు. రెండొందల మంది విన్నారు. ఇక సామాను సోదా చెయ్యకపోతే నా ఉద్యోగం పోతుంది. పెట్టె తెరవండి."

"నా పెట్టెనా? నీ స్థాయి ఏమిటో తెలుసా నీకు?"

"తెలుసు. ఇన్‌స్పెక్టరు. తాళం ఇటివ్వండి."

కెప్టెన్ చెయ్యి నడుం దగ్గరి పిస్తోలు మీదికి వెళ్ళింది. అప్పుడే ఇతోంగ్వా పెద్దాయన కర్ర పొడుచుకుంటూ వెళ్ళి విమానం ముందు చక్రం దగ్గర చతికిలబడ్డాడు. ఆయన పక్కన ఇంకో ముసలాయన. తర్వాత ఆడవాళ్ళు. ఎవరూ అరవలేదు. కూర్చున్నారు, అంతే.

పైలట్ అరటితొక్క పారేశాడు. "వీళ్ళ మీంచి నేను విమానం నడపను కెప్టెన్. పెట్టె తెరిచి చూపించేస్తే పోయేదానికి!"

తాళంచెవి మట్టిలో పడింది. ముబలామా మోకాళ్ళ మీద కూర్చుని మూత ఎత్తాడు.

పాత పేపర్లలో చుట్టి మూడు ముఖాలున్నాయి. మూడూ చిన్నవి, మూడూ నిజమైనవి, చేతుల్లో అరిగినవి. మూడింటికీ గడ్డాలు కత్తెరతో కత్తిరించేశారు, పెట్టెలో పట్టడం కోసం. జనంలోంచి ఎవరో తమవాణ్ణి గుర్తుపట్టి గొల్లుమన్నారు. ఒక్కోదానికి దారంతో ఒక అట్టముక్క కట్టి ఉంది. దాని మీద ఊరి పేరు, మనిషి పేరు. ముగ్గురూ చుట్టుపక్కల ఊళ్ళ పెద్దలు, ముగ్గురూ ఈ ఏడాదే పోయినవాళ్ళు.

ముబలామా లేచి, విలొంజా చేతుల సంకెళ్ళు విప్పి, కెప్టెన్ చేతులకి వేశాడు. పిస్తోలు లాగేసుకున్నాడు. కెప్టెన్ ఎదురు తిరగలేదు. అదే ముబలామాకి నచ్చలేదు. దొరికిపోయినవాడు ఇంత నిదానంగా ఉండకూడదు.

మళ్ళీ పెట్టెలో చెయ్యి పెట్టాడు. అడుగున ఇంకో రెండు అట్టముక్కలున్నాయి. వాటికి ముఖాలు లేవు, దారాలు మాత్రం కట్టి సిద్ధంగా ఉన్నాయి. మొదటిదాని మీద క్యాలుంబా పేరుంది. అసలు ముఖాన్ని దానికి కట్టి పట్టుకుపోయి, నకిలీని ఊరికి మిగల్చాలన్నదే ఎత్తు. రెండోది చదివి మళ్ళీ చదివాడు.

"ఏముంది బాబూ దాంట్లో?" అడిగాడు ఇతోంగ్వా, చక్రం దగ్గర కూర్చునే. "నాకు అక్షరాలు రావు. చదువు."

"మీ పేరు పెద్దయ్యా."

"నా పేరా?" ముసలాయన నవ్వాడు. "వాళ్ళ మొహం! నాది నా సంచిలోనే ఉందే. నేను పోతే కదా అది బయటికొచ్చేది!"

అన్నాక, ఆ మాట ఆయనకే వినబడింది. నవ్వు ఆగిపోయింది.

బితొందో మూటని రెండు చేతులా గుండెకి హత్తుకుంది. కెప్టెన్ దగ్గరికి వచ్చి నిలబడింది. "మా ఆయనకి ముందు దగ్గేరా ఉండేది," అంది మెల్లగా. "ఆయన బతికుండగా పచ్చ టోపీ వాడు మొదటిసారి వచ్చినప్పుడు, ఆయన అమ్మనంటే, పోనీలెమ్మని మంచిగా మాట్లాడి, దగ్గుకి మందు ఇచ్చి వెళ్ళాడు. గోధుమరంగు సీసా. జ్వరం ఆ తర్వాతే వచ్చింది. నా చేత్తోనే పోశానురా దేవుడా, నా చేత్తోనే పోశాను!"

కెప్టెన్ ఆవిడ వంక చూడలేదు. విమానం చక్రం దగ్గర కూర్చున్న ముసలాయన వంక చూస్తున్నాడు.

ఇతోంగ్వా తడుముకుని, నడుం గుడ్డ మడతలోంచి ఒక సీసా బయటికి తీశాడు. గోధుమరంగు సీసా. ఎత్తి ఎండకి పట్టి చూశాడు.

"ఈయనే ఇచ్చాడు బాబూ, పదింటికి. పెద్దాయనా దగ్గుతున్నారు, తీసుకోండి అన్నాడు," అన్నాడు. "సగం తాగేశాను."